టప్‌మని ఊడే స్కోపు

రైఫిల్ మీద గురి చూసే దుర్భిణిని, అంటే స్కోపును, రెండు సెకన్లలో ఊడదీయొచ్చు. ఎందుకు ఊడదీయాలి అని మాత్రం అడక్కూడదు. అడిగితే క్విక్ డిటాచ్ మౌంటు (లివర్ అనే మీట తిప్పితే స్కోపుతో సహా ఊడొచ్చే బిగింపు) కొన్న మహాశయుడి మొహంలో మన మీద జాలి కనిపిస్తుంది. "ఎప్పుడైనా అవసరం పడొచ్చు కదండీ" అంటాడు. ఏం అవసరం? "ఏదైనా." ఆ ఏదైనా కోసం ఆయన మామూలు మౌంటుకు అయ్యేదానికన్నా చాలా ఎక్కువ పెట్టాడు. రైఫిల్‌కు ఇంకాస్త బరువు తగిలించాడు. కదిలే భాగం ఒక్కటీ అక్కర్లేని చోటికి రెండు లివర్లనీ, వాటి స్ప్రింగుల్నీ, నట్లనీ తెచ్చిపెట్టాడు. ఏళ్లు గడుస్తున్నాయి. ఆ ఏదైనా ఇంకా రాలేదు.

న్యాయం కూడా మాట్లాడుకుందాం. పెద్ద క్యాలిబర్ రైఫిల్‌తో ప్రమాదకరమైన జంతువు వెంట దట్టమైన పొదల్లోకి దిగాల్సిన మనిషికి స్కోపు అడ్డం. తీసి సంచిలో వేసుకుని ఐరన్ సైట్లతో, అంటే బ్యారెల్ మీదుండే లోహపు గురిగుర్తులతో, గురి చూస్తాడు. పగటి స్కోపు తీసి రాత్రి స్కోపు పెట్టుకునేవాళ్లున్నారు. స్కోపు దెబ్బతింటే పక్కన పెట్టేసి పని కానిచ్చుకోవాలనుకునే ముందుచూపు ఉన్నవాళ్లున్నారు. వీళ్లందరికీ దండం. మన మహాశయుడి సంగతి వేరు. ఆయన రైఫిల్ బ్యారెల్ మీద ఐరన్ సైట్లే లేవు. స్కోపు ఊడదీసిన మరుక్షణం ఆయన చేతిలో మిగిలేది గురి చూసే దారే లేని రైఫిల్. దాన్ని రెండు సెకన్లలో సాధించే వసతికే ఆయన అంత ఖర్చు పెట్టింది.

ఇక రేంజిలో జరిగే తంతు. ఇది చూడనివాడు షూటింగులో సగం చూడనట్టే. మహాశయుడి రైఫిల్ బెంచీ మీద ఉంది. జీరో, అంటే స్కోపు చూపిన చోటే తూటా పడే అమరిక, చక్కగా కుదిరింది, అయిదు తూటాలూ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని పడ్డాయి. బుద్ధున్నవాడైతే అక్కడితో ఆపి ఇంటికి పోతాడు. ఈయన అటూ ఇటూ చూస్తాడు. పక్క బెంచీలో కొత్త కుర్రాడొకడు దొరుకుతాడు. "ఇది చూశావా బాబూ?" టప్, టప్. స్కోపు చేతిలోకి వచ్చేసింది. కుర్రాడు నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు చూసి మహాశయుడికి హుషారొచ్చి, చంటిబిడ్డను చుట్టాలకు చూపించినట్టు స్కోపును నాలుగు వైపులా తిప్పి చూపిస్తాడు. మళ్లీ పెడతాడు. ఈలోగా అవతలి బెంచీ ఆయన లేచి వస్తాడు, మొదటిసారి సరిగ్గా చూడలేదట. టప్, టప్. ఈసారి మాటల్లో పడి స్కోపును ఇసుక సంచి మీద పడుకోబెట్టాడు. కాసేపు లోహశాస్త్రం మీద ఉపన్యాసం. "నేనోసారి పెట్టనా అంకుల్?" అన్నాడు కుర్రాడు. "పెట్టు బాబూ, భయం లేదు." కుర్రాడు భయంలేకుండానే పెట్టాడు. రైఫిల్ మీది రెయిల్ అనే గాళ్ల పట్టాలో ఇంతకుముందు ఉన్న గాడిలోనే పెట్టాడా, పక్క గాడిలోనా? ఎవరూ చూడలేదు. లివర్ పూర్తిగా మూసుకుందా? అదీ చూడలేదు. "ఇప్పుడు జీరో అలాగే ఉంటుందా అంకుల్?" ఆ గుంపులో బుర్ర పెట్టి అడిగిన ప్రశ్న అదొక్కటే. మహాశయుడు నవ్వాడు. "రిటర్న్ టు జీరో, బాబూ. పెట్టె మీదే రాశాడు." ఒక్క తూటా కాల్చి చూడలేదు. రైఫిల్‌ను సంచిలో పెట్టి జిప్ లాగేశాడు.

పెట్టె మీద రాసింది అబద్ధమని నేననను. మౌంటు మంచిదై, రెయిల్ మంచిదై, రెండూ శుభ్రంగా ఉండి, అదే గాడిలో, ముందుకు నెట్టి పట్టుకుని, అదే బిగువుతో లివర్ మూస్తే స్కోపు దాదాపు ఉన్నచోటికే వస్తుంది. ముందుకే ఎందుకు నెట్టాలంటే, పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నుతుంది. బరువైన స్కోపు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. అంటే రైఫిల్ మీద అది ముందుకు జరగబోతుంది. మౌంటు అడుగున ఉన్న అడ్డకమ్మీ ముందే గాడి ముందు గోడకు ఆనుకుని ఉంటే జరగడానికి చోటుండదు. ఈ షరతులన్నీ పెట్టె లోపలి కాగితంలో ఉంటాయి. పెట్టె మీద మూడు మాటలే ఉంటాయి. మహాశయుడు పెట్టె చదివాడు.

పికాటిన్నీ అనే రకం రెయిల్‌కు అమెరికా సైన్యం 1995లో ఒక ప్రమాణమే ఖాయం చేసింది. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, ఒక గాడి నడుమ నుంచి పక్క గాడి నడుమకు 10.01 మిల్లీమీటర్లు. రెండో దశాంశం దాకా కొలిచారు పాపం. ఆ పేరు చెప్పి అమ్మే రెయిళ్లన్నీ ఆ దశాంశాల్ని గౌరవిస్తాయని నమ్మితే మీ ఇష్టం. ఒక రైఫిల్ మీద బిగుతుగా కూర్చునేలా సరిచేసిన లివర్ ఇంకో రైఫిల్ మీద వదులవ్వొచ్చు. అలా అయితే నట్టు తిప్పి మళ్లీ సరిచేసుకోవాలి. లివర్‌కు కింద ఒక నట్టు ఉందన్న విషయమే తెలియని యజమానులు ఎంతమందో.

ఇసుక సంచి దగ్గరికి వద్దాం. మనిషి వెంట్రుక మందం 0.07 మిల్లీమీటర్లనుకోండి. అంత మందం ఇసుక రేణువొకటి మౌంటుకూ రెయిల్‌కూ మధ్య ఒక చివర ఇరుక్కుంది. మౌంటు పొడవు 100 మిల్లీమీటర్లు. ఆ వాలుతో 100 మీటర్ల దూరంలో తూటా 7 సెంటీమీటర్లు గురి తప్పుతుంది. 300 మీటర్ల దూరంలో 21 సెంటీమీటర్లు. గురి సరిచేసే మర ఒక్కో క్లిక్కుకు 100 మీటర్ల దగ్గర ఒక్క సెంటీమీటరే జరిగే స్కోపును ఈ పెద్దమనిషి ఏరికోరి తెచ్చుకున్నాడు. దాని కింద రేణువు మాత్రం ఏడు సెంటీమీటర్ల స్వతంత్ర ప్రతిపత్తి అనుభవిస్తోంది.

తర్వాతి వారం గురి తప్పుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నారు కదా, ఈయన మద్దెలల జాబితా పెద్దది. తూటాల బ్యాచ్ మారిందట. గాలి వీస్తోందట. బ్యారెల్ వేడెక్కిందట. ట్రిగ్గర్‌ను మెకానిక్ పాడు చేశాడట. బ్యారెల్ విప్పించి కొత్తది వేయిస్తాడు గానీ లివర్ వైపు కన్నెత్తి చూడడు. దాన్ని అనుమానించడమంటే తన కొనుగోలును అనుమానించడమే.

స్కోపును స్క్రూలతో బిగించి వదిలేసే ఫిక్స్‌డ్ మౌంటు వాళ్లు ఈపాటికి వెనక కూర్చుని చప్పట్లు కొడుతుంటారు. ఆపండి. మీలో సగం మంది బిగువు కొలిచి తిప్పే టార్క్ రెంచ్ ముట్టుకోలేదు. చాలా కంపెనీలు స్కోపును పట్టుకునే రింగుల స్క్రూలకు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల బిగువు చాలంటాయి. మీరు మోచేతి బలమంతా పెట్టి స్కోపు ట్యూబుకు నొక్కు పడేదాకా తిప్పి, "నా చేతికి తెలుసు" అంటారు. ఇంకో రకం వాళ్లు నెమ్మదిగా వదులవుతున్న స్క్రూను మూడేళ్లుగా చూడనేలేదు, ఎందుకంటే అది ఫిక్స్‌డ్ కదా. స్క్రూ తల మీదుగా మౌంటు దాకా రంగుతో ఒక గీత గీసుకుంటే, కదిలినప్పుడు ఆ గీతే చెబుతుంది. ఆ గీత గీయడం కూడా మీకు బరువే. అయినా మీ తప్పు ఒకసారి బిగించినప్పుడు జరుగుతుంది, ఆయన తప్పు టప్‌మన్న ప్రతిసారీ జరుగుతుంది. అంతవరకు మీరే మెరుగు. ఎప్పుడూ ఊడదీయనివాడికి ఫిక్స్‌డ్ మౌంటే సరైంది, ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

కాగితం టార్గెట్‌కు చిల్లు ఎక్కడ పడినా నాకు నవ్వే వస్తుంది. కానీ ఇదే మహాశయుడు ఆ సంచి జిప్ తీసి, అదే రైఫిల్‌తో, ఒక్క తూటా పరీక్షించకుండా వేటకు బయలుదేరతాడు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్లకు మించదు. నడిమధ్యకు గురిపెట్టినా తప్పడానికి పది, పన్నెండు సెంటీమీటర్లే అవకాశం. 21 సెంటీమీటర్లు గురి తప్పిన తూటా ఎక్కడ తగులుతుంది? పొట్టలో. కాలి ఎముకలో. దవడలో. ఆ జంతువు అక్కడ పడదు. పేగులు చిరిగి, కాలు వేలాడుతూ చీకట్లోకి పోయి, గంటలకొద్దీ నరకం పడి చస్తుంది. ఈయన మాత్రం సాయంత్రం కూర్చుని, "తగిలినట్టే ఉంది, దొరకలేదు" అంటాడు. సిగ్గులేదూ? నువ్వు కుర్రాడి ముందు గొప్పకు పోయి రెండుసార్లు ఊడదీశావు. మళ్లీ పెట్టాక ఒక్కటంటే ఒక్క తూటా కాల్చి చూసుకుంటే తెలిసిపోయేది. ఒక్క తూటా, రెండు నిమిషాలు. అది కూడా చేయలేనివాడికి ప్రాణం ఉన్నదాని వైపు రైఫిల్ ఎక్కుపెట్టే హక్కు ఎవరిచ్చారు?

పరీక్ష ఎలాగో కూడా చెబుతాను. మౌంటు కదపకుండా అయిదు తూటాలు ఒక కాగితం మీద కాల్చండి. రెండో కాగితం మీద ఒకటి కాల్చి, ఊడదీసి, తుడిచి, అదే గాడిలో ముందుకు నెట్టి పెట్టి ఇంకొకటి కాల్చండి. అలా అయిదు అయ్యేదాకా. రెండు కాగితాల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టి చూడండి. చిల్లులు ఒకేచోట ఉంటే మీ మౌంటు మంచిది, ఈ వ్యాసంలో మీ పేరు లేదు. ఒక మహాశయుడికి ఇదంతా ఓపిగ్గా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, స్కోపును టప్‌మని ఊడదీసి నా చేతిలో పెట్టి, "పది తూటాలు వేస్టు కదండీ" అన్నాడు.