బల్ల దగ్గర పరీక్షించుకోవలసింది ఎవరిని?

మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో చాలా చోట్ల నెలలో మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల, జరుగుతుంది. రొట్టె విరిచే ముందు పాస్టరుగారు మొదటి కొరింథీయులకు పత్రిక 11వ అధ్యాయం తీసి, ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకోవాలన్న 28వ వచనం చదువుతారు. తలలు వంచుతాము గాని చూపులు మాత్రం పక్క వరుస మీదే ఉంటాయి. అన్యుల పిల్లను పెళ్లాడిన ఫలానావారి అబ్బాయి లేస్తున్నాడా, భర్తను విడిచి వచ్చిన ఆమె గిన్నె అందుకుంటోందా, కొత్తగా వచ్చినావిడ మెడలో ఏముంది అని చూస్తుండగానే మన వంతు వచ్చేస్తుంది.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి ఆ మాట రాసిన సందర్భం తెలిస్తే ఈ చూపులకు సిగ్గు కలగాలి. కొరింథులో విశ్వాసులు ఒకచోట కూడి భోజనం చేసేవారు. కలిగినవారు ఎవరి కోసమూ ఆగకుండా తమది తాము తినేసేవారు, లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. ‘పేదలను సిగ్గుపరచుదురా?’ అని 22వ వచనంలో ఆయన నిలదీసింది ఇందుకే. అయోగ్యంగా తినడం అనే మాట ఈ గద్దింపు వెంటనే వస్తుంది. ఎవరు బల్లకు తగినవారో తేల్చడానికి ఆయన పెద్దల కమిటీని వేయలేదు. ఎవరిని వారే పరీక్షించుకోమన్నాడు, భోజనానికి కూడినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. పక్కవాణ్ణి తక్కువ చేసిన పాపానికి విరుగుడుగా రాసిన అధ్యాయాన్నే పక్కవాణ్ణి తక్కువ చేయడానికి వాడుకుంటున్నాము.

ఇక మనం పాపాలుగా లెక్కపెట్టే జాబితా సంగతి. బొట్టు, పూలు, గాజులు, సినిమా ఇవి దాని మొదటి వరుసలో ఉంటాయి. నగలు తీసివేయడం కొన్ని సంఘాల్లో మారుమనస్సుకు గుర్తు. మనఃపూర్వకంగా తీసినవారిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఒంటి మీద ఉంటే లోకస్థురాలిని చేసే బంగారం, కోడలి కట్నంగా బీరువాలోకి వచ్చేసరికి దేవుని ఆశీర్వాదం ఎలా అవుతుంది? కట్నాన్ని నిషేధించే చట్టం 1961లోనే వచ్చినా, కట్నం తీసుకున్నవారిని బల్లకు దూరంగా ఉంచిన సంఘాన్ని నేనైతే చూడలేదు. కులం సంగతి మరీ బాధాకరం. క్రీస్తులో యూదుడని గ్రీకువాడని లేదని గలతీ పత్రిక నుంచి చక్కగా వాక్యం చెప్పేవారు కూడా, సంబంధం మాట రాగానే మాల క్రైస్తవులా, మాదిగ క్రైస్తవులా, రెడ్డి క్రైస్తవులా అని ఆరా తీస్తారు. కొరింథు బల్ల దగ్గరి పాపానికి ఇంతకంటే దగ్గరి చుట్టం మరొకటి ఉందా?

తీర్పు తీర్చడానికి మనం కనిపెట్టిన అతి పవిత్రమైన దారి మాత్రం ప్రార్థన మనవి. ‘అక్కా, ఫలానా సహోదరి కూతురి గురించి భారంగా ప్రార్థించండి, వివరాలు బయట చెప్పకండి’ అని మొదలై, వివరాలన్నీ చెప్పేశాకే ముగుస్తుంది. ఉపవాస కూడికలో కూర్చున్న పదిమందికీ, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఉన్నవారందరికీ ఆ ఇంటి పరువు చేరిపోతుంది. నీ సహోదరుడు తప్పు చేస్తే నీవూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు గద్దించమని మత్తయి 18:15లో యేసు చెప్పిన వరుస ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది: సంఘమంతటికీ ముందు తెలుస్తుంది, ఆ పిల్లకు చివరన తెలుస్తుంది.

నాలుగో శతాబ్దంలో ఐగుప్తులోని స్కేటిస్ ఎడారిలో మోషే అనే సన్యాసి ఉండేవాడు. పూర్వం దారిదోపిడీలు చేసి మారినవాడు. ఒక సహోదరుడి తప్పును విచారించడానికి తక్కినవారు కూడి కబురు పంపితే మొదట రానన్నాడు. మళ్లీ పిలిచాక కారుతున్న కుండను మోసుకుంటూ వచ్చి, నా పాపాలు నాకు కనపడకుండా నా వెనుక ఇలా కారిపోతుంటే మరొకరి తప్పుకు తీర్పు తీర్చడానికి వచ్చాను అన్నాడట. వారు ఆ సహోదరుణ్ణి క్షమించి విడిచిపెట్టారు. పూర్వపు దొంగకు తన గతం గుర్తుంది. మూడు తరాల క్రైస్తవులమని చెప్పుకొనే మనకు గుర్తుండదు.

అయితే ‘తీర్పు తీర్చకుడి’ అన్న వచనాన్ని తమకు గొడుగుగా పట్టుకునే నాయకులు కూడా ఉన్నారు. కానుకల లెక్క అడిగితే, అభిషిక్తులను, అంటే దేవుడు ఏర్పరచుకున్నవారిని, ముట్టకూడదన్న 105వ కీర్తన తీస్తారు. ఆ కీర్తనలో దేవుడు హెచ్చరించింది రాజులను, కాపాడింది కొద్దిమందిగా దేశాలు తిరిగిన పరదేశులను. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా విషయంలో తన మీద నింద రాకూడదని పౌలే జాగ్రత్తపడి, సంఘాలే ఎన్నుకున్న మనిషిని వెంట ఉంచుకున్నాడు. రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో ఆ సంగతి ఉంది. తన్ను తాను పరీక్షించుకొనే నాయకుడికి లెక్కల పుస్తకం చూపించడం కష్టం కాదు. పసిబిడ్డకు హాని జరిగినప్పుడైతే ఒంటరిగా మాట్లాడుకొని సర్దుకోవడం కుదరదు. అది పోలీసులకు చెప్పవలసిన నేరం. ‘మనం తీర్పు తీర్చకూడదమ్మా’ అంటూ ఆ తల్లి నోరు మూయించే పెద్దలు, వాక్యం తమకోసమే అనుకొని మత్తయి 18:6 చదువుకోవాలి. చిన్నవారిని అభ్యంతరపరచేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడమే వాడికి మేలన్న మాట ఉన్నది అక్కడే.