ఈ టీవీ స్టిక్ ఎన్నాళ్లు పనిచేస్తుందో డబ్బా మీద ఎందుకు రాయరు?

2025 మార్చి 9న అనేక దేశాల్లో, టీవీకి తగిలిస్తే నెట్ వీడియోలు చూపే గూగుల్ పరికరాలైన రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా మొరాయించాయి. ఫోన్‌లోంచి టీవీకి వీడియో పంపబోతే, ఈ పరికరాన్ని నమ్మలేమన్న హెచ్చరిక తప్ప ఏమీ రాలేదు. వస్తువు కాలిపోలేదు, నెట్ పోలేదు. 2015లో దాన్ని తయారుచేసినప్పుడు గుర్తింపు కోసం లోపల పెట్టిన డిజిటల్ సర్టిఫికెట్‌కు పదేళ్ల గడువుంది. ఆ గడువు తీరిపోయింది. గూగుల్ కొద్ది రోజుల్లో సాఫ్ట్‌వేర్ సవరణ పంపి వాటిని మళ్లీ పనిచేయించింది. కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ చేసుకున్నవాళ్లు మాత్రం ఇంకొన్నాళ్లు ఆగాల్సి వచ్చింది.

పదేళ్లనాటి పరికరానికి కూడా సవరణ పంపినందుకు ఆ కంపెనీని మెచ్చుకోవాలి. అయితే ఆ గడువు సంగతి కొన్నవాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఇలా టీవీకి తగిలించే స్టిక్‌లను పోల్చి చెప్పే వీడియోలన్నీ ధర ఎంత, 4కె ఉందా, రిమోట్‌లో వాల్యూమ్ మీటలు ఉన్నాయా అన్నవే చెబుతాయి. ఎన్నేళ్లు నడుస్తుందన్న ప్రశ్న వాటిలో అరుదు. మూడు నుంచి ఆరు వేల రూపాయలు పెట్టి కొనే వస్తువుకు నా దృష్టిలో అదే మొదటి ప్రశ్న కావాలి.

ధరల సంగతికొస్తే, పదేళ్లుగా సుమారు మూడు వేల నుంచి ఆరున్నర వేల మధ్యే ఉన్నాయి. 2014 డిసెంబర్‌లో మొదటి క్రోమ్‌కాస్ట్ మన దేశంలో 2,999 రూపాయలకు వచ్చింది. 2017లో అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ 3,999కి, 2020లో ఎంఐ టీవీ స్టిక్ 2,799కి, 2021లో రియల్‌మీ 4కె స్టిక్ 3,999కి, 2022లో గూగుల్ టీవీతో కూడిన క్రోమ్‌కాస్ట్ 6,399కి దిగాయి. 2025లో అమెజాన్ తెచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కె సెలెక్ట్ విడుదల ధర 5,499. పండగ సేల్‌లో ఇందులో వెయ్యో పదిహేను వందలో తగ్గుతాయి. మూడు వేలకు కొన్నది రెండేళ్లకే విసిగించి పక్కన పడితే ఏడాదికి 1,500 అయినట్టు. అయిదున్నర వేలది అయిదేళ్లు నడిస్తే ఏడాదికి 1,100. చౌకది ఏదో ఈ లెక్క వేశాకే తేలుతుంది.

స్టిక్‌కు ముసలితనం మొదట వచ్చేది ర్యామ్ దగ్గర. ఎంఐ టీవీ స్టిక్‌లోనూ, ఫైర్ టీవీ స్టిక్ మామూలు మోడళ్లలోనూ ఉన్నది 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజ్. ఆ 8 జీబీలో కొంత భాగం సిస్టమే తీసుకుంటుంది. కొన్న కొత్తలో యూట్యూబ్, ఆహా, ఈటీవీ విన్ చకచకా తెరుచుకుంటాయి. ఏడాది గడిచేసరికి ప్రతి యాప్ అప్‌డేట్ అవుతూ బరువెక్కుతుంది, హోమ్ స్క్రీన్‌లో కదిలే బొమ్మలు పెరుగుతాయి. రిమోట్ నొక్కితే రెండు క్షణాలు ఆగి ఒకేసారి మూడు గళ్లు దాటేస్తుంది. ఒక యాప్‌లోంచి ఇంకో యాప్‌కి వెళ్లి తిరిగొస్తే సినిమా మొదటి నుంచి లోడ్ అవుతుంది. స్టోరేజ్ నిండిందన్న సందేశం వచ్చాక ఏదో ఒక యాప్ తీసేయక తప్పదు. ఇంట్లో నెట్ బాలేదనుకుని ప్లాన్ పెంచుకునేవాళ్లు చాలామంది. చిక్కు నెట్‌లో కాదు, స్టిక్‌లో ఉంటుంది.

అందుకే ఇంట్లో ఉన్నది 32 అంగుళాల పాత హెచ్‌డీ రెడీ టీవీ అయినా, 2 జీబీ ర్యామ్ ఉన్న 4కె స్టిక్ కొనమనే నా సలహా. ఆ టీవీలో 4కె బొమ్మ రాదు, నిజమే. కానీ 4కె మోడళ్లలో చాలావాటికి ర్యామ్ ఎక్కువ, చిప్ వేగం ఎక్కువ. రియల్‌మీ 4కె స్టిక్, షావోమీ టీవీ స్టిక్ 4కె, ఫైర్ టీవీ స్టిక్ 4కె మ్యాక్స్ మూడింటిలోనూ 2 జీబీ ఉంది. డబ్బా మీద 4కె అని ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. పైన చెప్పిన 4కె సెలెక్ట్‌లో ర్యామ్ 1 జీబీయే.

ఇక పేరూ ఊరూ లేని పెట్టెలు. రెండు మూడు వేలకే 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, 8కె అని అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో అచ్చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. వీటి మీద నా అభిప్రాయం గట్టిది: ఇంట్లోకి రానివ్వకండి. మొదటి కారణం బొమ్మ నాణ్యత. సినిమాలు కాపీ కాకుండా వైడ్‌వైన్ అనే తాళం ఉంటుంది. అందులో ఎల్1 స్థాయి ధ్రువీకరణ ఉన్న పరికరానికే ఓటీటీలు హెచ్‌డీ, 4కె ఇస్తాయి. పేరులేని పెట్టెల్లో ఎక్కువవాటికి ఉండేది కింది స్థాయి ఎల్3. వాటిలో నెట్‌ఫ్లిక్స్ పెడితే నెలకు 649 కట్టే ప్రీమియం ప్లాన్ ఉన్నా మసక బొమ్మే వస్తుంది.

రెండో కారణం ఇంకా ప్రమాదకరమైంది. బ్యాడ్‌బాక్స్ అని పేరుపెట్టిన ఒక ముఠా వ్యవహారాన్ని భద్రతా పరిశోధకులు 2023లో బయటపెట్టారు. కొన్ని చవక ఆండ్రాయిడ్ పెట్టెల్లో కొనేవాడి చేతికి రాకముందే దొంగ సాఫ్ట్‌వేర్ చేరిపోతోంది. ప్లగ్ పెట్టగానే అది మీ ఇంటి నెట్‌ను ఇతరుల మోసాలకు దారిగా వాడుకుంటుంది. 2024 డిసెంబర్‌లో జర్మనీ సైబర్ భద్రతా సంస్థ అలాంటి 30,000 పరికరాలకు ముఠా సర్వర్లతో ఉన్న సంబంధాలను తెంచింది. దీని రెండో రూపం గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలను హెచ్చరించింది. ఆ మరుసటి నెల గూగుల్ కోర్టుకెక్కి, కోటికి పైగా పరికరాలు దీని బారిన పడ్డాయని చెప్పింది. యూపీఐ నడిచే ఫోనూ, పిల్లల ల్యాప్‌టాపూ ఉన్న వైఫైలోకే ఈ పెట్టె కూడా వస్తుందన్నది మరవకూడదు. గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ టీవీ వేరు, ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల ఆండ్రాయిడ్ వేరు. ఈ పెట్టెల్లో ఉండేది రెండోది.

పేరున్న కంపెనీ స్టిక్ కొంటే అంతా నిశ్చింతేనా అంటే, అదీ కాదు. 2018 మొదలయ్యేసరికి ఫైర్ టీవీలో యూట్యూబ్ యాప్ పోయింది. గూగుల్, అమెజాన్ తమలో తాము తగువు పడ్డాయి. అటు క్రోమ్‌కాస్ట్‌లో ప్రైమ్ వీడియో లేదు. 2019 జులై 9న రెండు కంపెనీలూ రాజీపడి ఒకే రోజు రెండు యాప్‌లనూ తెచ్చాయి. ఆ ఏడాదిన్నర పాటు కొనుగోలుదారు చేసిన తప్పేమీ లేదు, బ్రౌజర్‌లోంచి యూట్యూబ్ తెరుచుకుంటూ సర్దుకుపోయాడు. స్టిక్ తక్కువ ధరకు దొరకడానికీ ఈ తగువుకూ మూలం ఒక్కటే. హోమ్ స్క్రీన్ ఎవరి చేతిలో ఉంటే ప్రకటనలూ, చందాలూ, చూసినవాటి లెక్కా వాళ్ల దగ్గరకు చేరతాయి. స్టిక్ అమ్మకంలో మిగిలేదానికన్నా ఆ తర్వాత వచ్చేదే వాళ్లకు ముఖ్యం.

మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే మన కాంపిటీషన్ కమిషన్ కూడా ఈ సంగతి పట్టించుకుంది. ప్లే స్టోర్ కావాలంటే టీవీ కంపెనీలు గూగుల్ చెప్పిన యాప్‌ల మూటంతా తీసుకోవలసిందేనన్న షరతు మీద విచారణ జరిపింది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ 20.24 కోట్ల రూపాయలు చెల్లించడానికీ, స్మార్ట్ టీవీలకు ప్లే స్టోర్ లైసెన్స్ విడిగా ఇవ్వడానికీ ఒప్పుకుంది. అమెజాన్ అదే ఏడాది ఇంకో దారి పట్టింది. 4కె సెలెక్ట్‌లో ఆండ్రాయిడ్‌ను పూర్తిగా వదిలి వేగా అనే సొంత వ్యవస్థ పెట్టింది. దానికి యాప్‌లు కొత్తగా రాయాలి. స్టోర్‌లో లేని యాప్‌ను బయటినుంచి ఏపీకే ఫైలుగా తెచ్చి ఎక్కించుకోవడం కుదరదు. కొనేముందు మీకు కావలసిన తెలుగు యాప్‌లు ఆ మోడల్‌లో ఉన్నాయో లేదో పేరుపేరునా చూసుకోవాలి.

చందా ప్లాన్ సంగతీ ఇక్కడే చూసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్‌లో 149 రూపాయల మొబైల్ ప్లాన్ ఫోన్‌కూ ట్యాబ్లెట్‌కూ మాత్రమే, టీవీలో నడవదు. పైగా ఏ ప్లాన్ అయినా, ఫోన్‌లో పెట్టి టీవీకి పంపే సౌకర్యాన్ని రిమోట్ ఉన్న స్టిక్‌లలో ఎక్కువవాటికి 2025 చివర్లో నెట్‌ఫ్లిక్స్ తీసేసింది. డేటా లెక్క కూడా పెద్దదే. నెట్‌ఫ్లిక్స్ చెప్పే ప్రకారం హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా, 4కెలో 7 జీబీ దాకా అవుతుంది. రెండున్నర గంటల తెలుగు సినిమా హెచ్‌డీలో చూస్తే ఏడున్నర జీబీ. రోజుకు 2 జీబీ వచ్చే ఫోన్ రీచార్జ్‌తో హాట్‌స్పాట్ పెట్టి స్టిక్ నడుపుదామనుకుంటే ఇంటర్వెల్ దాకా కూడా రాదు. ఇంటికి ఫైబర్ కనెక్షన్ లేనివాళ్లు స్టిక్ కొనడంలో అర్థం లేదు. అలాంటి ఇంటికి నెలవారీ ఖర్చు లేని డీడీ ఫ్రీ డిష్ మేలు.

ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్‌లో ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ చానెళ్లు, ఫోన్ కలిపి ఇస్తామంది. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలూ ఫైబర్ ప్లాన్‌తో పాటు సెట్‌టాప్ బాక్సు ఇవ్వడం మొదలుపెట్టాయి. విడిగా స్టిక్ కొనేముందు ఇంట్లో ఉన్న ఆ పెట్టెలో ఏయే యాప్‌లు నడుస్తున్నాయో చూడండి. చాలామందికి అది సరిపోతుంది. కాకపోతే ఆ పెట్టె సాధారణంగా ఆ కంపెనీదే, కనెక్షన్ మానేస్తే తిరిగి ఇచ్చేయాలి. అద్దె ఇళ్లు మారేవాళ్లకు సొంత స్టిక్ ఉండటమే సుఖం.

స్టిక్ బిగించేటప్పుడు కరెంటు మాత్రం దానితో వచ్చిన అడాప్టర్‌ నుంచే ఇవ్వండి. టీవీకి ఉన్న పాత యూఎస్‌బీ పోర్ట్ అర ఆంపియర్ మాత్రమే ఇస్తుంది, స్టిక్‌కు ఒక ఆంపియర్ దాకా కావాలి. సినిమా మధ్యలో దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యే స్టిక్‌లలో చాలావాటికి రోగం ఇదే. రూటర్ వేరే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటలేక నీరసపడుతుంది, 2.4కి మార్చి చూడండి.

ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే నేను గూగుల్ టీవీ స్టిక్‌నే ఎంచుకుంటాను. యూట్యూబ్‌లో ప్రవచనాలు, పాత పాటలు చూసేవాళ్లకు అదే సులువు. ఫైర్ టీవీలో మాటతో చెప్పినవి వినే అలెక్సాకు 2019లో హిందీ వచ్చింది, తెలుగు ఇంకా రాలేదు. ప్రైమ్ చందా ఉండి, ఇంట్లో అలెక్సా అలవాటైనవాళ్లకు ఫైర్ టీవీ 4కె మ్యాక్స్ నప్పుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ చవకగా దొరికే రోకు స్టిక్ అమ్మానాన్నలకు పంపాలనుకుంటారు. రోకు మన దేశంలో అధికారికంగా అమ్మకంలో లేదు. ఫైర్ టీవీ పంపినా, అమెజాన్ ఖాతా ఏ దేశానిదైతే ఆ దేశపు యాప్‌లే కనిపిస్తాయి. డబ్బు పంపి ఇక్కడే కొనిపించడం మంచిది.

ఇంత చూసుకుని కొన్నా ఒక సమాచారం కొనుగోలుదారుకు డబ్బా మీద కనబడదు. ఈ స్టిక్‌కు భద్రతా అప్‌డేట్‌లు ఏ సంవత్సరం దాకా వస్తాయి? బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, నెట్‌కు కలిసే దాదాపు ప్రతి గృహోపకరణానికీ కనీసం ఎంతకాలం అప్‌డేట్‌లు ఇస్తారో తయారీదారు ప్రకటించి తీరాలి. మన దగ్గర ఫ్రిజ్ మీద నక్షత్రాలు ఉంటాయి, బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా గడువు తేదీ ఉంటుంది. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో, కొన్న వస్తువుల మరమ్మతు సమాచారం ఒకచోట ఇచ్చే మరమ్మతు హక్కు పోర్టల్ కూడా తెరిచింది. అందులో ఫోన్లకూ గృహోపకరణాలకూ చోటుంది. టీవీ స్టిక్‌లకు, సెట్‌టాప్ పెట్టెలకు కూడా దాన్ని విస్తరించి, అప్‌డేట్‌ల చివరి తేదీని ఎంఆర్‌పీ పక్కనే అచ్చు వేయాలని ఆదేశించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కంపెనీకి ఆ తేదీ ముందే తెలుసు. ఆ తేదీ కనబడితే, సేల్‌లో వెయ్యి తగ్గించి అమ్ముతున్న పాత మోడల్‌కు ఇంకా ఏడాదే మిగిలిందని కొనేవాడు దుకాణంలోనే గ్రహిస్తాడు. అప్‌డేట్ హామీ ఇవ్వలేని పేరులేని పెట్టెను అమ్మేవాడికి కౌంటర్ మీద చోటుండదు.