అలసిపోయిన దర్జీ కథ ఇక చాలు

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జరిగిన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ గురించి ఏటా డిసెంబరు మొదటి వారంలో నా ఫోనుకు ఒక కథ వస్తుంది. రోజంతా కుట్టుపని చేసి అలసిపోయిన రోజా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ 1955 డిసెంబరు 1 సాయంత్రం బస్సులో కాళ్లు సహకరించక తెల్లజాతి ప్రయాణికుడికి సీటు వదలలేదనీ, అది చూసి ఊరంతా ఒక్కసారిగా కదిలిందనీ, మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యసించగానే చట్టం మారిపోయిందనీ దాని సారాంశం. చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలో నేను కూడా చాలా ఏళ్లు దీన్నే, గొంతు కాస్త వణికించి మరీ, చెప్పాను. ఇప్పుడు అది చదివితే ఒళ్లు మండుతోంది, ఎందుకంటే ఆ పొగడ్త చాటున ఒక చిన్నచూపు దాగి ఉంది. నల్లజాతివారు బాధపడగలరు, ఓర్చుకోగలరు, ఎప్పుడో ఒకసారి తిరగబడగలరు. అంతేగాని పథకం వేసి, లెక్కలు రాసుకుని, 381 రోజుల పాటు ఒక నగరంలో బస్సుల బహిష్కరణను నడపగల సమర్థులన్న సంగతి ఆ కథలో ఎక్కడా కనిపించదు.

రోజా పార్క్స్‌కు అప్పటికి 42 ఏళ్లు. నల్లజాతి హక్కుల కోసం పనిచేసే ఎన్.ఎ.ఎ.సి.పి. సంస్థ స్థానిక శాఖకు ఆమె చాలాకాలంగా కార్యదర్శి. ఆ ఏడాది వేసవిలోనే టెనెస్సీలోని హైలాండర్ స్కూలులో ఉద్యమ శిక్షణ తీసుకుని వచ్చారు. అంతకు పన్నెండేళ్ల ముందు, 1943లో, ముందు తలుపు దగ్గర చార్జీ చెల్లించాక దిగి వెనక తలుపు నుంచి ఎక్కాలన్న నియమాన్ని ధిక్కరించినందుకు ఆమెను బస్సులోంచి దించేసిన డ్రైవరూ, ఆ సాయంత్రం పోలీసులను పిలిచిన డ్రైవరూ ఒక్కడే. తన ఒంటికి అలసటేమీ లేదనీ, తాను అలసిపోయింది లొంగిపోవడంతో మాత్రమేననీ ఆమె స్వయంగా రాసుకున్నారు. అయినా మనం ఆమె కాళ్లనొప్పుల గురించే చెప్పుకుంటున్నాం.

ఇక ఊరు ‘ఒక్కసారిగా’ కదలడం సంగతి. అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లీషు బోధించే జో ఆన్ రాబిన్సన్, మహిళా రాజకీయ మండలి అధ్యక్షురాలిగా, 1954 మేలోనే మేయరుకు ఉత్తరం రాసి, పద్ధతి మారకపోతే బస్సుల బహిష్కరణ తప్పకపోవచ్చని హెచ్చరించారు. అంటే పార్క్స్ అరెస్టుకు ఏడాదిన్నర ముందు. అరెస్టు వార్త తెలిసిన రాత్రి ఆమె కాలేజీకి వెళ్లి, ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థుల సాయంతో, కాగితానికి మూడేసి కరపత్రాల చొప్పున వేల కొద్దీ సైక్లోస్టైల్ తీసి, ముక్కలుగా కత్తిరించి, కట్టలు కట్టి, తెల్లవారేసరికి ఏ బడి దగ్గర ఎవరికి అందించాలో దారులు కూడా రాసుకున్నారు. పట్టుబడితే ఆమె ఉద్యోగం ఊడేది. పార్క్స్‌కు జామీను ఏర్పాటు చేసి, పాస్టర్లకు ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేసిన ఇ.డి. నిక్సన్ రైలు పడక బోగీల్లో పోర్టరు. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ 1925లో మొదలుపెట్టిన పోర్టర్ల కార్మిక సంఘంలో ఆయన ఆరితేరారు. 26 ఏళ్ల కింగ్‌ను నాయకుడిగా ఎన్నుకున్నది ఇలాంటివారే.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది రవాణా ఏర్పాటు. బస్సు ప్రయాణికుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు నల్లజాతివారే కనుక వాళ్లు ఎక్కడం మానేస్తే కంపెనీ దివాళా తీస్తుంది. కానీ పనికి వెళ్లకపోతే వాళ్ల పొయ్యి వెలగదు. మొదట నల్లజాతి టాక్సీవాళ్లు బస్సు చార్జీకే, అంటే 10 సెంట్లకే, జనాన్ని చేరవేశారు. కనీస చార్జీ 45 సెంట్లన్న పాత నిబంధనను అధికారులు బయటికి తీయగానే, 1953లో బేటన్ రూజ్‌లో ఇలాంటి ఉద్యమమే నడిపిన రెవరెండ్ జెమిసన్‌ను కింగ్ ఫోనులో సంప్రదించి, ఆ ఊరి పద్ధతిని ఇక్కడికి తెచ్చారు. సుమారు 300 సొంత కార్లు, ఉదయం ఎక్కించుకోవడానికి 48 చోట్లు, సాయంత్రం తిరుగు ప్రయాణానికి 42 చోట్లు, ఏ బండి ఎటు వెళ్లాలో చెప్పే మనుషులు. పార్క్స్ కూడా కొంతకాలం ఆ పని చేశారు. చర్చిల పేరున కొన్న స్టేషన్ వ్యాగన్లకు బీమా కంపెనీలు పదేపదే పాలసీలు రద్దు చేస్తే, అట్లాంటాలో బీమా వ్యాపారం చేసే టి.ఎం. అలెగ్జాండర్ అనే నల్లజాతీయుడు ఏకంగా లండన్‌లోని లాయిడ్స్ ద్వారా బీమా ఇప్పించారు. ఈ ఒక్క పని గురించైనా ఏ తరగతి గదిలోనూ నేను చెప్పలేదు.

కోర్టులో గెలిచిన దావా కూడా పార్క్స్‌ది కాదు. యువ న్యాయవాది ఫ్రెడ్ గ్రే వేసిన ఆ దావాలో, 1955 మార్చిలో సీటు వదలనందుకు పదిహేనేళ్లకే అరెస్టయిన క్లాడెట్ కాల్విన్‌తో సహా నలుగురు స్త్రీలు వాదులు. ఆ పిల్లను ఉద్యమ ముఖచిత్రంగా నిలపడానికి అప్పటి పెద్దలు వెనుకాడారు. ఎత్తుగడగా అది అర్థమవుతుంది కానీ న్యాయంగా మాత్రం నాకు తోచదు. 1956 నవంబరు 13న, కార్ల ఏర్పాటును నిషేధించమని నగరం వేసిన కేసు నడుస్తుండగానే, బస్సుల్లో జాతి విభజన చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు వార్త వచ్చింది. కార్లపై నిషేధమూ ఆ రోజే పడింది. ఉత్తర్వులు చేతికి అందే డిసెంబరు 20 దాకా జనం నడిచే వెళ్లారు.

పెట్రోలు ఖర్చుకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు జార్జియా గిల్మోర్ వంటింట్లో ఉంది. హోటల్లో వంటమనిషిగా పనిచేసే ఆమె, మరికొందరు ఆడవాళ్లను కూడగట్టి, కోడిమాంసం శాండ్‌విచ్‌లు, కేకులు, పైలు చేసి అమ్మించి, ఆ సొమ్మును ఉద్యమ సభల్లో అందరి ముందూ లెక్కచెప్పి అప్పగించేవారు. ఎవరిచ్చారని అడిగితే ఎక్కడినుంచీ కాదని చెప్పడానికి వీలుగా తమ జట్టుకు ‘ఎక్కడినుంచీ కాని క్లబ్బు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. పేరు బయటపడితే ఎవరి ఉద్యోగం పోతుందో వాళ్లకు తెలుసు. బహిష్కరణ నడిపినందుకు కింగ్ మీద పెట్టిన కేసులో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ ఉద్యోగమే పోయింది. కింగ్ ప్రోత్సాహంతో ఆమె ఇంట్లోనే భోజనశాల నడిపారు. 1990లో, నల్లజాతివారి ఓటు హక్కు కోసం సాగిన సెల్మా పాదయాత్రకు పాతికేళ్లు నిండిన సందర్భంగా వచ్చేవారి కోసం వండుతున్న రోజునే ఆమె కన్నుమూశారు, ఆ వండిన వంటనే పరామర్శకు వచ్చినవాళ్లకు వడ్డించారు.