ఉయ్యాల విప్పకముందే

కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం ఎందుకు తక్కువగా ఉంటోందో తేల్చడానికి పరిశోధకులు ఊళ్లలో తిరిగి ఆడవాళ్లను ప్రశ్నలడుగుతుంటారు. వయసెంత, ఎంతవరకు చదివావు, పెళ్లెప్పుడైంది, ఇంట్లో ఫ్రిజ్ ఉందా. వాళ్ల శ్రమంటే నాకు గౌరవమే. కాకపోతే తప్పు మనిషిని అడుగుతున్నారని మనవి. రెండో కాన్పు ఎప్పుడో తేల్చే సభలో అందరూ ఉంటారు, కనాల్సిన పిల్ల తప్ప.

ఆ సభ సాధారణంగా మొదటి పుట్టినరోజు ఫంక్షన్‌లో జరుగుతుంది. కేకు కోశాక, భోజనాలకు లేవకముందు, పిన్ని వరసావిడ ఒకరు మొదలుపెడతారు: “ఆ రెండోది కూడా కానిచ్చేస్తే ఓ పనైపోతుంది కదే.” బోరు వేయించడం, ఇంటికి సున్నం కొట్టించడం, పిల్లల్ని కనడం, మూడూ ఒకే పద్దు. ఉయ్యాల ఎలాగూ కట్టే ఉంది, ఇంకా విప్పలేదు. పెద్దదాని గౌన్లు చిన్నదానికి సరిపోతాయి. ఇద్దరూ ఒకేసారి బడికెళ్తే ఒకే ఆటో. అత్తగారికి మోకాళ్లు అరుగుతున్నాయి, ఇంకా ఆలస్యమైతే మనవల్ని ఎత్తుకోలేరు. ఇంతమంది మోకాళ్ల లెక్కలో బాలింత నడుం సంగతేమిటని ఎవరైనా అడిగితే దానికీ జవాబుంది: “అందుకేగా చెప్పేది, తొందరగా కనేసి ఆపరేషన్ చేయించుకుంటే పీడా పోతుంది.”

మన కుటుంబ నియంత్రణ చరిత్రంతా ఆ ఒక్క మాటలో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని కనే వయసున్న వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. వాళ్ల భర్తల్లో వందకు ఒకరు కూడా లేరు. చేయించుకుంటే బరువులు ఎత్తలేరట. (రోజూ ఎత్తే బరువు ఫోను.) అంటే మనకు తెలిసిన సాధనాలు రెండే: మొహమాటం, ఆపరేషన్. మధ్యలో వాడుకోవడానికి కాపర్-టీ, మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్, ‘ఛాయ’ అనే గర్భనిరోధక బిళ్లలు ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారు. కానీ కాపర్-టీ గుండెల్లోకి పాకుతుందని, పక్కవీధిలో ఒకావిడకు పాకిందని మన దగ్గర గట్టి సమాచారం ఉంది. ఆ పక్కవీధి ఎక్కడుందో మాత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

మొదటిది ఆడపిల్లయితే సభ ఇంకా ముందే కూర్చుంటుంది. “మహాలక్ష్మి పుట్టింది” అని స్వీట్లు పంచిన చేతులతోనే తమ్ముడి కోసం ముడుపు కడతారు. మొదటి బిడ్డ దక్కకపోతే మరీ తొందర. ఏడుపు ఆగకముందే ఒడి నింపమంటారు.

కాన్పయ్యాక మళ్లీ నెల తప్పడానికి కనీసం 24 నెలలు ఆగమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన పెద్దల సూత్రం ఇంకా సులువు: పాలిచ్చేవాళ్లకు కడుపు రాదు. అందులో నిజం లేకపోలేదు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా పట్టకూడదు, తల్లికి నెలసరి మళ్లీ మొదలవకూడదు. మూడో నెల్లోనే పాలడబ్బా తెరిచిన ఇంట్లో షరతులన్నీ గాలికిపోతాయి, సూత్రం మాత్రం గోడకు మేకులా ఉంటుంది. అదే సర్వేలో తెలంగాణలో వంద కాన్పుల్లో 60కి పైగా సిజేరియన్లు. స్లాబు వేశాక మూడు వారాలు నీళ్లు కట్టి, మేస్త్రీ సరేనన్నాకే పై గోడ లేపుతాం. కోసి కుట్టిన గర్భసంచికి మాత్రం మేస్త్రీ కూడా అక్కర్లేదు.

నాయకులకు ఎప్పుడూ ఎంతమంది అన్నదే కావాలి. ఇద్దరు చాలని దశాబ్దాలపాటు గోడల మీద రాయించారు. 2024 నవంబరులో, స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎత్తేసింది, ఇంకా కనమని పిలుపూ వచ్చింది. ఎన్నాళ్ల ఎడంతో కనాలో ఏ వేదిక మీదా వినబడలేదు.

సర్వేలో ఒక మంచి ప్రశ్న ఉంది, ఒప్పుకోవాలి. ఆ గర్భం అప్పుడే కావాలనుకున్నారా, ఇంకొన్నాళ్లాగాక కావాలనుకున్నారా? అడిగే అమ్మాయి కాగితాలు తీసేసరికి కోడలు పెద్దదానికి అన్నం పెడుతూ, ఒళ్లో చిన్నదానికి పాలిస్తూ ఉంటుంది. తలెత్తేలోపే మంచం మీదనుంచి అత్తగారు అందుకుంటారు:

“అప్పుడే కావాలనుకుందమ్మా. రాసుకో.”