సవరణ: పోలండ్ వాళ్లు అమెరికాను చూసే తీరు

అమెరికన్లు తమ దేశాన్ని ప్రపంచ స్వేచ్ఛకు కాపలాదారుగా భావిస్తారని, పోలండ్ ప్రజలు ఆ మాటను పూర్తిగా నమ్ముతారని నిన్నటి పోస్టులో ఉంది. రెండో సగాన్ని ఇలా చదువుకోవాలి: నమ్మకం ఉంది, దాని పక్కనే పాత గాయమూ ఉంది.

1918 జనవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి శాంతి కోసం ప్రకటించిన 14 సూత్రాల్లో పదమూడోది స్వతంత్ర పోలండ్ గురించే. పోలండ్ రాజధాని వార్సాలో ఆయన పేరిట ఇప్పటికీ ఒక కూడలి ఉంది. కానీ 1945 ఫిబ్రవరిలో, రెండో ప్రపంచ యుద్ధం ముగింపు దశలో, క్రిమియాలోని యాల్టాలో అమెరికా, బ్రిటన్, సోవియట్ నేతలు రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ కూర్చుని పోలండ్ సరిహద్దులు, ప్రభుత్వం సంగతి తేల్చుకున్నప్పుడు ఆ బల్ల దగ్గర పోలండ్ ప్రతినిధి ఒక్కరూ లేరు. తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా ఆ దేశం సోవియట్ పట్టులోనే ఉండిపోయింది. అమెరికాకు 1945 అంటే గెలుపు. పోలండ్‌కు అంత సూటిగా కాదు. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది.

అదే పోస్టులో పోలండ్ నాటో సైనిక కూటమిలో చేరిన ఏడాది 2004 అని పడింది. అది 1999 మార్చి. 2004 ఐరోపా సమాఖ్యలో చేరిన ఏడాది.

ఇంకొకటి. 2003లో అమెరికాకు తోడుగా ఇరాక్‌కు సైన్యాన్ని పంపిన పోలండ్ పౌరులకు వీసా లేకుండా అమెరికా వెళ్లే వీలు 2019 నవంబరులో గానీ రాలేదు. ఆ జాప్యంపై వాళ్లు నొచ్చుకుంటే దాన్ని అమెరికా వ్యతిరేకత అనకూడదు.