పాత ప్రియస్ మంచిదే, ఆ మెసేజ్ మాత్రం కాదు

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట ఇక్కడి డల్లాస్ తెలుగు గ్రూపులో వచ్చింది, తర్వాత మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత మా బావమరిది పంపాడు, నిన్న రాత్రి గుంటూరు నుంచి పెదనాన్న కూడా "నువ్వు కొన్నది ఇదే కదరా?" అంటూ పంపారు. మీకూ వచ్చే ఉంటుంది, టయోటా హైబ్రిడ్ కారు ప్రియస్ (పెట్రోల్ ఇంజిన్, బ్యాటరీ మోటార్లు రెండూ ఉండేది) గురించిన ఆ మెసేజ్. "కొత్త ప్రియస్ కొని మోసపోకండి. 2010 నుంచి 2015 మధ్య వచ్చిన ప్రియస్ వెతికి కొనండి, మూడు లక్షల మైళ్లు గ్యారంటీ. కొత్తదాంట్లో లిథియం బ్యాటరీకి మంటలు అంటుకుంటాయి, సీవీటీ బెల్ట్ తెగుతుంది, మైలేజ్ రెండిటికీ ఒకటే, పైగా అది జపాన్‌లో తయారైంది కాదు. పాతదాని బ్యాటరీ పోయినా భయం లేదు, యూట్యూబ్ చూసి యాభై డాలర్ల మాడ్యూల్ మీరే మార్చుకోవచ్చు. కొత్తగా వస్తున్న ఎమ్మెస్ పిల్లలందరికీ షేర్ చేయండి."

నేను పాత ప్రియస్‌కి శత్రువుని కాదు. 2008 మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కొని పదకొండేళ్లు నడిపాను. మా పాపని హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. 2023లో కొత్తది తీసుకున్నాను. రెండూ నా చేతి కింద నలిగినవే కాబట్టి చెప్తున్నాను, ఆ మెసేజ్ రాసినాయన ఈ రెండిట్లో ఏ ఒక్కదాని బానెట్ కూడా ఎత్తి చూసి ఉండడు.

జపాన్ సంగతి ముందు తేల్చేద్దాం. కొత్త ప్రియస్ కూడా జపాన్‌లోనే తయారవుతుంది. ముందు అద్దం కింద కనిపించే విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) మొదటి అక్షరం 'జే' అయితే జపాన్ బండి. నాదానికి అదే ఉంది. అయిపోయింది.

ఇక బెల్ట్. పేరులో సీవీటీ (మెట్లు మెట్లుగా గేర్లు మారకుండా నడిచే ట్రాన్స్‌మిషన్) అని ఉంది కదా అని మామూలు సీవీటీ కార్లలో ఉండే బెల్ట్ దీంట్లోనూ ఉందనుకున్నారు. ప్రియస్‌లో మొదటి నుంచీ ఉన్నది ప్లానెటరీ గేర్ సెట్, అంటే మధ్య చక్రం చుట్టూ చిన్న పళ్ల చక్రాలు తిరిగే అమరిక. ఇంజిన్నీ రెండు మోటార్లనీ కలిపేది అదే, అందులో తెగడానికి బెల్ట్ అంటూ ఏదీ లేదు. 1997లో జపాన్‌లో వచ్చిన మొదటి బండిలోనూ అదే సూత్రం, ఇప్పుడూ అదే సూత్రం. నిజానికి బెల్ట్ ఉన్నది నా 2008 బండికి, ఇంజిన్ నీటి పంపు తిప్పడానికి. 2010 నుంచి ఆ పంపు కూడా కరెంటుతో నడిచేది పెట్టి ఆ ఒక్క బెల్ట్ కూడా తీసేశారు.

మైలేజ్ దగ్గర సగం ఒప్పుకుంటాను. ప్రభుత్వ లెక్క ప్రకారం థర్డ్ జెన్, అంటే మెసేజ్‌లో చెప్పిన 2010-2015 మూడో తరం బండి, గ్యాలన్‌కు 50 మైళ్లు. కొత్తదాంట్లో తక్కువ ధర ట్రిమ్‌కి (వేరియంట్‌కి), అంటే ముందు చక్రాలతో నడిచే ఎల్ఈకి, 57. కానీ షోకు కోసం 19 అంగుళాల చక్రాలున్న పై ట్రిమ్ తీసుకుంటే 52కి పడిపోతుంది. అలా కొన్నవాళ్లకి తేడా పెద్దగా తెలియదు, ఆ మాట నిజమే. అయితే పాతది 134 హార్స్‌పవర్, కొత్తది 194. హైవే ర్యాంప్ ఎక్కేటప్పుడు వెనక ట్రక్కు మీదకొస్తుంటే ఆ తేడా ఏమిటో కాలికి తెలుస్తుంది.

మంటల మాట. నికెల్ బ్యాటరీ కంటే లిథియం బ్యాటరీతో ఎక్కువ జాగ్రత్త కావాలన్నది నిజం. కానీ పూర్తి ఎలక్ట్రిక్ కార్ల వీడియోలు చూపించి హైబ్రిడ్‌ని తిట్టడం ఏమిటి? వాటిల్లో 60, 70 కిలోవాట్-అవర్ల బ్యాటరీలుంటాయి. ప్లగ్ పెట్టి చార్జ్ చేసే మోడల్ సంగతి వేరు, మామూలు ప్రియస్‌లో వెనక సీటు కింద ఉండేది సుమారు ఒక్క కిలోవాట్-అవర్. పైగా 2020 మోడల్ నుంచి టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి పదేళ్లు లేదా లక్షా యాభై వేల మైళ్ల వారంటీ ఇస్తోంది. అంతకుముందు ఎనిమిదేళ్లు, లక్ష మైళ్లు. ఈ ముక్క ఆ మెసేజ్‌లో ఎందుకు లేదు?

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండిన పాయింటు. మొన్న శనివారం మా ఊరి పక్క కుర్రాడు, వచ్చి మూడు నెలలైంది, వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. అంట్లు తోముకునే పసుపు రంగు రబ్బర్ గ్లోవ్స్. "అన్నా, బ్యాటరీ విప్పడానికి ఇవి సరిపోతాయా?" అని కింద రాశాడు. ముగ్గురు కలిసి 2011 ప్రియస్ కొన్నారట, డ్యాష్‌బోర్డ్ మీద హెచ్చరిక ఎర్ర త్రికోణం వెలిగిందట, ఈ మెసేజ్ చూశారట. నాకు చెమటలు పట్టాయి. వెంటనే ఫోన్ చేసి, ముట్టుకోవద్దని చెప్పి, వాళ్ల పార్కింగ్‌కి వెళ్లేదాకా నా టెన్షన్ తగ్గలేదు.

ఆ బ్యాటరీలో 28 మాడ్యూళ్లు, అంటే చిన్న బ్యాటరీ ముక్కలు, వరసగా కలిపి ఉంటాయి, ఒక్కోటి 7.2 వోల్టులు. మొత్తం 201.6 వోల్టులు, అదీ డీసీ. "ఆరెంజ్ ప్లగ్ పీకేస్తే కరెంటు పోతుంది" అని వీడియోలో చెప్తారు. ప్లగ్ పీకితే బ్యాటరీకీ బండికీ మధ్య దారి తెగుతుంది, బ్యాటరీ లోపల కరెంటు ఎక్కడికి పోతుంది? మాడ్యూళ్లు మాడ్యూళ్లుగానే ఉంటాయి, చార్జ్‌తోనే ఉంటాయి. మూత తీశాక రెండు చేతులు రెండు చోట్ల తగిలితే మనిషి ప్రాణమే పోవచ్చు. చేతిలో స్పానర్ జారి రెండు బోల్టుల మధ్య పడితే అది కరిగి ముఖం మీదకి చిమ్ముతుంది. మెకానిక్‌లు వాడే గ్లోవ్స్ వోల్టేజ్ రేటింగ్ ఉన్నవి, వేసుకునే ముందు చిల్లు ఉందేమోనని గాలి నింపి చూసుకుంటారు. మల్టీమీటర్ ఎలా పట్టుకోవాలో తెలియని పిల్లలకి, ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపిన పిల్లలకి, ఇదా మనం ఇచ్చే సలహా? ఫార్వర్డ్ నొక్కిన ఒక్కరైనా తమ సొంత కొడుకుని ఆ మూత తీయమంటారా?

పోనీ ప్రాణానికేం కాలేదనుకుందాం, ఆ యాభై డాలర్లయినా మిగులుతాయా? ఒక మాడ్యూల్ చచ్చిందంటే మిగతా 27 కూడా అదే వయసువి, అవే ఎండలు తిన్నవి. ఒకటి మారిస్తే రెండు నెలలకి దాని పక్కది పోతుంది. నా 2008కీ 'పీ0ఏ80' అనే బ్యాటరీ లోపం కోడ్ వచ్చింది. మెకానిక్ వెనక సీటు పక్కనున్న జాలీ ఊడదీసి ఫ్యాన్ చూపించాడు. బూడిద రంగు దూది పరుపులా మెత్తగా పేరుకుంది, మధ్యలో మా పాప తినే సీరియల్ రింగు ఒకటి. బ్యాటరీని చల్లబరిచే గాలి ఆ జాలీలోంచే వెళ్లాలి, మేమేమో సరుకుల సంచులన్నీ దానికే ఆనించి పెట్టేవాళ్లం. పూర్తి బ్యాటరీ మార్పించాల్సి వచ్చింది. మీ దగ్గర పాత ప్రియస్ ఉంటే ఈ రాత్రే వెళ్లి ఆ జాలీ తుడవండి. దానికి యూట్యూబ్ కూడా అక్కర్లేదు.

ఇంకా పెద్ద తప్పు ఆ "2010 నుంచి 2015" అన్న మాటలో ఉంది. మూడు లక్షల మైళ్ల పేరు ఎక్కువగా తెచ్చింది 2004 నుంచి 2009 దాకా వచ్చిన సెకండ్ జెన్. ఆ పేరుతో థర్డ్ జెన్‌ని అమ్ముతున్నారు. థర్డ్ జెన్‌కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) రోగం ఉందని ఏ హైబ్రిడ్ మెకానిక్‌నడిగినా చెప్తాడు. ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచే ఈజీఆర్ కూలర్ మసితో పూడుకుపోతుంది, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కొంచెం కొంచెంగా సిలిండర్‌లోకి దిగుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే బండి మొత్తం గజగజ వణికి ఒక నిమిషానికి సర్దుకుంటుంది. అమ్మేవాడు మీరు వచ్చేలోపు ఇంజిన్ వేడి చేసి ఉంచితే ఆ వణుకు కనబడదు. అందుకే పొద్దున్నే వెళ్లండి, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. లోపల కూలెంట్ డబ్బాలు రెండుంటాయి, ఇన్వర్టర్‌ది (బ్యాటరీ కరెంటుని మోటార్లకి మార్చి ఇచ్చే భాగం) వేరు, ఇంజిన్‌ది వేరు. ఇంజిన్‌ది చూపించమని అడగండి. మా కుర్రాళ్లది చూస్తే గీత కంటే రెండు వేళ్లు కిందకి ఉంది. బ్యాటరీ ఒక్కటే కాదు వాళ్ల సమస్య.

నా సెకండ్ జెన్‌కైనా వేరే కష్టం లేకపోలేదు. ఒక సోమవారం పొద్దున స్టార్ట్ చేస్తే పొలంలో ట్రాక్టర్ లేచినట్టు శబ్దం. రాత్రి ఎవరో బండి కింద పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసుకుపోయారు. హైబ్రిడ్ ఇంజిన్ తక్కువ తిరుగుతుంది కాబట్టి అందులో ఖరీదైన లోహాలు బాగానే మిగిలి ఉంటాయి, దొంగలకి అది తెలుసు. ఆ బండి తీసుకునేవాళ్లు కింద షీల్డ్ వేయించుకోవడం మంచిది.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆరేడు వేల డాలర్లే చేతిలో ఉన్న పిల్లాడికి కొత్త ప్రియస్ కొనమని నేనూ చెప్పను. బాగా చూసుకున్న సెకండ్ జెన్ దొరికితే, ముందే మెకానిక్‌కి చూపించి తీసుకోమంటాను. మా అమ్మ విషయంలో అయితే పాతదే గెలిచింది. మోకాళ్ల నొప్పులతో మొన్న ఆరు నెలలు ఉండి వెళ్లింది. కొత్తదాని టాపు వెనక వాలుగా దిగుతుంది, ఎక్కిన ప్రతిసారీ తల కొట్టుకునేది. "ఆ పాత బండి అమ్మేశావేంటి నాన్నా, కుర్చీలో కూర్చున్నట్టుండేది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కొత్తదాన్ని తిట్టాలంటే అసలు కారణం ఆ మెసేజ్‌లో లేనే లేదు. వెనక డోర్ స్విచ్‌లోకి నీళ్లు దిగితే, లాక్ వేసి లేని డోర్ నడుస్తుండగా తెరుచుకోవచ్చని 2024లో టయోటా రీకాల్ చేసింది. నాది మార్పించాను, మార్చేదాకా పాపని వెనక కూర్చోబెట్టిన ప్రతిసారీ లాక్ రెండుసార్లు చూసుకున్నాను. 2010 నుంచి 2014 మోడళ్లకి ఇన్వర్టర్ రీకాల్ కూడా ఉంది, 2014లో వచ్చింది. ఏ ప్రియస్ ఉన్నా విన్ నంబర్ ప్రభుత్వ రీకాల్ సైట్‌లో కొట్టి చూడండి, రెండు నిమిషాల పని, రిపేర్ ఉచితం. ఆ కుర్రాళ్ల బండి నంబర్ ఆదివారం నేనే కొట్టి చూశాను. ఒకటి పెండింగ్‌లో ఉంది.