ఆ కనెక్షన్ ఎవరిదో చూసి తెంచండి

నెలాఖరు రోజు రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. మా టీమ్‌లో చేరి ఇంకా ఏడాది కూడా కాని కుర్రాడు.

"అన్నా, లైవ్ డేటాబేస్ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. 'రిమైనింగ్ కనెక్షన్ స్లాట్స్ ఆర్ రిజర్వ్డ్' అని ఎర్రర్. కాల్‌లో అందరూ ఒకటే అరుపులు. గంట కంటే పాత సెషన్లన్నీ కిల్ చేసేశా. ఇప్పుడంతా నార్మల్."

"కిల్ చేసేశావా? వాటిలో ఏమేం ఉన్నాయో చూశావా?"

"చూశా అన్నా. అన్నీ ఒకేలా ఉన్నాయి."

సెషన్ అంటే డేటాబేస్‌కి తెరిచి ఉన్న ఒక్కో కనెక్షన్, కిల్ అంటే దాన్ని తెంచడం. ఆ ఒకేలా ఉన్నవాటిలో ఒకటి జీతాల లెక్క. రాత్రి ఎనిమిదికి మొదలైంది, మొత్తం ఒకే ట్రాన్సాక్షన్, అంటే జరిగితే అంతా జరగాలి, లేకపోతే ఏదీ జరగనట్టే. ఇంకో అరగంటలో అయిపోయేది. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అది సగం పని ఉంచదు. కమిట్ కాకముందే, అంటే పని ఖాయం కాకముందే, సెషన్ తెగితే ఆ మూడు గంటల పనీ జరగనట్టే. మళ్లీ మొదటి నుంచి నడిపారు. బ్యాంకుకి ఫైల్ పంపే టైమ్ దాటిపోయింది. ఆ లెక్క ఎవరిదో ఆ కంపెనీలో జీతాలు ఒక రోజు ఆలస్యంగా పడ్డాయి. ఒకటో తారీఖున ఈఎంఐ కట్ అయ్యే ఇళ్లు మన చుట్టూ ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. "అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నది అక్షరాలా నిజం. నేనూ లాగిన్ అయి చూశాను. పీజీ_స్టాట్_యాక్టివిటీ అనే వ్యూ అడిగితే సర్వర్‌లో అప్పుడు ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో వరుసగా చూపిస్తుంది. యూజర్ ఎవరు, ఏ అడ్రస్ నుంచి వచ్చాడు, ఎప్పుడొచ్చాడు, ట్రాన్సాక్షన్ ఎప్పుడు మొదలుపెట్టాడు, చివరిగా ఏ క్వెరీ పంపాడు, ఇప్పుడు పనిలో ఉన్నాడా ఊరికే ఉన్నాడా, అన్నీ ఉంటాయి. ఇంత వివరం ఇచ్చే వ్యూ మా సర్వర్‌లో ఏం చూపించిందంటే, యూజర్ పేరు అన్నిటికీ ఒకటే, ఎందుకంటే అప్లికేషన్‌కీ, జీతాల లెక్క లాంటి బ్యాచ్‌లకీ, డెవలపర్లకీ అందరికీ కలిపి ఒకే లాగిన్ ఇచ్చారు. ఐపీ అడ్రస్ కూడా ఒకటే, ఎందుకంటే అందరూ మధ్యలో ఉండి కనెక్షన్లను పంచిపెట్టే పూలర్ అనే ప్రోగ్రామ్ గుండానే వస్తారు. ఇక అప్లికేషన్ పేరు చూద్దామంటే, సగం వరుసల్లో, ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ తనంతట తాను పెట్టుకునే 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ జేడీబీసీ డ్రైవర్' అన్న పేరు. మిగతా సగం ఖాళీ. పెళ్లి భోజనాల దగ్గర గుమ్మం బయట ఒకే రకం నల్ల చెప్పులు వంద జతలు పడి ఉంటే, అందులో మీవి ఏవో చెప్పమన్నట్టుంది.

నా కోపమంతా దీని మీదే. డేటాబేస్‌లు చూసుకునే ఈ పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. కనెక్షన్ తెంచడం గురించి అందరూ కమాండ్లు నేర్పిస్తారు. తెంచే ముందు అది ఎవరిదో తెలుసుకునే ఏర్పాటు చేసుకోండని చెప్పేవాళ్లు తక్కువ. చెప్పినా వినేవాళ్లు ఇంకా తక్కువ.

మా నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకునేవారు. లైన్ క్లియర్ అన్నమాట. ఏ ఫీడర్, ఎవరు అడిగారు, ఎన్ని గంటలకు అన్నది అక్కడి ఆపరేటర్ పుస్తకంలో రాసుకోవాలి. పని అయ్యాక, ఎవరి పేరు మీద ఎల్‌సీ ఉందో ఆ మనిషే తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా ఊరంతా ఉక్కపోతలో ఉన్నా, ఎవరు ఫోన్ చేసి తిట్టినా లైన్ చార్జ్ చేయకూడదు. ఆ కబురు ఎక్కడో తప్పితే, మనిషి స్తంభం మీద ఉండగానే కరెంటు వస్తుంది. అలా పోయినవాళ్ల వార్తలు మన పేపర్లలో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. చిన్నప్పుడు మా ఇంట్లో ల్యాండ్‌లైన్ నుంచి నాన్న "ఫలానా ఫీడర్, నా పేరు మీద రాసుకో" అని గట్టిగా చెప్పడం, అవతలివాళ్లు అదే మాట తిరిగి చెప్పేదాకా ఫోన్ పెట్టకపోవడం నాకు బాగా గుర్తు. మా పనిలో ప్రాణాలు పోవు. కానీ ఒక మనిషి రాత్రంతా చేసిన పని పోతుంది, ఇంకెవరి జీతమో ఆగుతుంది. అలాంటి పనికి పేరు రాసుకునే పుస్తకం మనకి ఉండొద్దా?

ఆ పుస్తకం ఉంది. డబ్బు పెట్టి కొనాల్సింది కూడా కాదు. డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు ఇచ్చే కనెక్షన్ స్ట్రింగ్‌లో అప్లికేషన్_నేమ్ అని ఒక్క మాట చేరిస్తే చాలు. 'పేరోల్ బ్యాచ్', 'లీవ్ స్క్రీన్', 'రిపోర్ట్ టీమ్' అని అందులో పెట్టేయొచ్చు. పీజీబౌన్సర్ లాంటి పూలర్ మధ్యలో ఉన్నా ఆ పేరు సర్వర్ దాకా వస్తుంది. ఇది అరగంట పని కాదు, ఐదు నిమిషాల పని. అయినా నేను చూసిన చాలా చోట్ల చేయరు.

ఒకే లాగిన్ అందరూ వాడటంలో ఇంకో ప్రమాదం ఉంది, చాలామందికి ఇది తెలియదు. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు యూజర్ కూడా తన రోల్‌తో, అంటే తన లాగిన్ పేరుతో, నడుస్తున్న సెషన్లను తెంచగలడు. ఎవరి లాగిన్ వాళ్లకుంటే ఇది మంచి సదుపాయం, తన పొరపాటుని తనే సరిదిద్దుకుంటాడు. అందరిదీ ఒకే లాగిన్ అయితే? నిన్న చేరిన ట్రైనీ కూడా పేరోల్ బ్యాచ్‌ని ఒక్క లైన్‌తో తెంచేయగలడు. సర్వర్ దృష్టిలో అది తన సొంత సెషనే. ఎవరి లాగిన్ వాళ్లకిచ్చి, ఆన్ కాల్‌లో ఉండే ఇద్దరు ముగ్గురికి మాత్రం మిగతా యూజర్ల సెషన్లను తెంచే అధికారమిచ్చే పీజీ_సిగ్నల్_బ్యాకెండ్ అనే రోల్ ఇస్తే సరిపోయేది. అది 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచే ఉంది.

ఆ రాత్రి అసలు ఏం జరిగిందో తర్వాత లాగ్‌లు చూస్తే అర్థమైంది. లాక్ కోసం, అంటే ఇంకొకరు పట్టుకున్నది వదిలేదాకా, ఎదురుచూసేవాటిని లాగ్‌లో రాయమని ముందే ఆన్ చేసి పెట్టుకున్నాం కాబట్టి దొరికింది. సాయంత్రం ఒక డెవలపర్ నోటిఫికేషన్ల టేబుల్‌లో ఏదో సరిచేయడానికి తన టూల్ నుంచి అప్‌డేట్ నడిపాడు. ఆ టూల్‌లో ఆటో కమిట్ ఆఫ్‌లో ఉంది. కమిట్ కొట్టలేదు. ల్యాప్‌టాప్ లాక్ చేసి క్యాబ్ ఎక్కేశాడు. ఆ సెషన్ 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అనే స్థితిలో, అంటే ట్రాన్సాక్షన్ ముగించకుండా ఊరికే, అలాగే ఉండిపోయింది. రాత్రి పదకొండు దగ్గర్లో రిలీజ్‌లో భాగంగా అదే టేబుల్‌కి ఒక కాలమ్ చేర్చే ఆల్టర్ టేబుల్ కమాండ్ వచ్చింది. దానికి టేబుల్ మొత్తం మీద లాక్ కావాలి. అది డెవలపర్ సెషన్ వెనక ఆగింది. ఆ తర్వాత ఆ టేబుల్‌ని చదవడానికి వచ్చిన ప్రతి సెలెక్ట్ దాని వెనక ఆగింది. ప్రతి స్క్రీన్ మీదా నోటిఫికేషన్ల గంట ఉంటుంది కదా, ప్రతి పేజీ ఆ టేబుల్‌ని చదవాల్సిందే. అప్లికేషన్ కొత్త కనెక్షన్లు తెరుస్తూ పోయింది. పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్‌గా ఇచ్చే 100 కనెక్షన్లలో మామూలు యూజర్లకి దక్కే 97 నిమిషాల్లో నిండిపోయాయి. మిగతా 3 అన్ని అధికారాలూ ఉన్న సూపర్ యూజర్ కోసం ఉంచుతుంది కాబట్టి మా కుర్రాడు లోపలికి వెళ్లగలిగాడు.

అంటే తెంచాల్సింది ఒకే ఒక్క కనెక్షన్. మిగతావన్నీ దాని వెనక నిలబడ్డవీ, దాంతో సంబంధం లేనివీ. జీతాల బ్యాచ్ ఆ టేబుల్ ముఖం కూడా చూడలేదు. పీజీ_బ్లాకింగ్_పిడ్స్ అనే ఫంక్షన్‌కి ఆగిపోయిన ఏ ప్రాసెస్ నంబరైనా ఇస్తే, దాన్ని ఆపుతున్నవాటి నంబర్లు చెబుతుంది. అలా ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్తే వరుసలో మొదటివాడు దొరుకుతాడు. అది రెండు నిమిషాల పని. కాల్‌లో ఇరవై మంది అరుస్తుంటే ఆ రెండు నిమిషాలు ఎవరిస్తారు? కాల్‌లో ఉండే మేనేజర్లకి చేతులు జోడించి చెబుతున్నా, ఆ రెండు నిమిషాలు ఇవ్వండి.

తెంచే పద్ధతిలోనూ తేడా ఉంది. పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్ నడుస్తున్న క్వెరీని మాత్రం ఆపుతుంది, మనిషి కనెక్ట్ అయ్యే ఉంటాడు. ముందు ఇదే వాడాలి. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో ఉన్నదానికి మాత్రం ఇది పనికిరాదు, అక్కడ ఆపడానికి నడుస్తున్న క్వెరీయే లేదు. దానికి పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్. ఇక లైనక్స్‌లోకి వెళ్లి ఆ ప్రాసెస్ మీద కిల్ మైనస్ నైన్ కొట్టడం ఎప్పటికీ చేయకూడని పని. ఒక ప్రాసెస్ అలా పోతే, అందరూ పంచుకునే మెమరీ పాడై ఉండొచ్చని పోస్ట్‌మాస్టర్, అంటే పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌లన్నిటికీ పెద్ద, అనుకుంటుంది. అందుకని ఉన్న కనెక్షన్లన్నీ తెంపి, చేసిన మార్పులు రాసి ఉంచే లాగ్ నుంచి రికవరీ చేసుకుని మళ్లీ మొదలవుతుంది. ఒకడిని పంపబోయి ఊరందరినీ వెళ్లగొట్టినట్టు. ఇది నా కళ్ల ముందే పట్టపగలు జరిగింది. చేసినవాడు పదేళ్ల అనుభవం ఉన్నవాడు.

మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లకీ ఇదే గొడవ. అక్కడ కిల్ కొట్టాక పెద్ద అప్‌డేట్ వెంటనే పోదు, చేసినదంతా వెనక్కి తిప్పుకుంటుంది. ప్రాసెస్ లిస్ట్‌లో 'కిల్డ్' అని కనిపిస్తూనే గంటల తరబడి ఉంటుంది. ఓపిక పట్టలేక సర్వర్ రీస్టార్ట్ చేస్తారు. రీస్టార్ట్ అయ్యాక కూడా అందులో డేటా దాచే ఇన్నోడీబీ ఆ రోల్‌బ్యాక్‌ని, అంటే వెనక్కి తిప్పే పనిని, పూర్తి చేయాల్సిందే.

మరో చిన్న జాగ్రత్త. ప్రాసెస్ నంబర్ కాగితం మీద రాసుకుని, అనుమతి కోసం పది నిమిషాలు తిరిగి, వచ్చి కొట్టేయకండి. ఈలోగా ఆ కనెక్షన్ తనంతట తాను వెళ్లిపోయి, అదే నంబర్ ఇంకొకరికి వచ్చి ఉండొచ్చు. కొట్టే ముందు ఆ సెషన్ మొదలైన సమయం కూడా సరిచూడండి.

సర్వర్ తనంతట తాను ఎందుకు తెంచదని అడుగుతారు. దూరంగా ఉన్న మనిషి బతికే ఉన్నాడో లేడో సర్వర్‌కి వెంటనే తెలియదు. వీపీఎన్ హఠాత్తుగా పడిపోతే ఎవరూ వెళ్లొస్తానని చెప్పరు. లైనక్స్ డీఫాల్ట్ ప్రకారం 7200 సెకన్లు, అంటే 2 గంటలు చప్పుడు లేకపోతే గానీ 'ఉన్నావా' అని అడిగే కీప్ అలైవ్ పలకరించదు. ఆ తర్వాత 75 సెకన్లకొకసారి 9 సార్లు పిలిచి, జవాబు రాకపోతేనే తెంచుతుంది. మొత్తం 2 గంటల 11 నిమిషాల పైమాటే. దాన్ని పోస్ట్‌గ్రెస్ సెట్టింగుల్లోనే తగ్గించుకోవచ్చు. కానీ మా డెవలపర్ విషయంలో అదీ పనికిరాదు. ఆయన ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉంది, పిలిచిన ప్రతిసారీ పలుకుతూనే ఉంది. మర్చిపోయి వెళ్లినవాళ్ల కోసం వేరే సెట్టింగ్ ఉంది, ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్. ఇదీ 9.6 నుంచే ఉంది, డీఫాల్ట్‌గా ఆఫ్. డెవలపర్ల రోల్స్‌కి 10 నిమిషాలు పెట్టి ఉంటే ఆ సాయంత్రమే ఆ అప్‌డేట్ వెనక్కి పోయేది, ఆ డెవలపర్‌కి ఎర్రర్ కనిపించేది, కథ అక్కడితో అయిపోయేది. రిలీజ్ స్క్రిప్ట్ మొదట్లో లాక్_టైమౌట్ 5 సెకన్లు అని రాసి ఉన్నా ఆల్టర్ టేబుల్ తనే తప్పుకునేది, వెనక ఎవరూ ఆ 5 సెకన్లకి మించి ఆగేవారు కాదు.

మర్నాడు మీటింగ్‌లో వచ్చిన మొదటి సలహా ఏంటో తెలుసా? మ్యాక్స్ కనెక్షన్స్ 100 నుంచి 1000 చేద్దామని. తలుపు దగ్గర ఒకడు అడ్డంగా కూర్చుంటే హాలు పెద్దది కట్టడం ఏం మందు? ఆ వరుసలో వెయ్యి మంది కూడా నిలబడేవారు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక పూర్తి ప్రాసెస్, దాని మెమరీ దానికి కావాలి. గట్టిగా వాదించాను. ఆ సలహా ఆగింది. నేను అడిగినవి ఒప్పుకున్నారు: టీమ్‌కొక లాగిన్, ప్రతి కనెక్షన్‌కీ పేరు, డెవలపర్లకి టైమౌట్. జీతాల బ్యాచ్‌ని విభాగాల వారీగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ కమిట్ పెట్టారు. దీని కోసం ఒక టీమ్‌తో రెండు వారాలు మాటల్లేకుండా పోయాయి. పర్వాలేదు.

జీతాలు ఆలస్యమైనవాళ్లకి మేం ఏ సమాధానం చెప్పలేదు. మేం ఎవరమో కూడా వాళ్లకి తెలియదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మొన్న నెలాఖరుకి మళ్లీ అదే కుర్రాడు ఫోన్ చేశాడు. రాత్రి పదిన్నర.

"అన్నా, సర్వర్ స్లోగా ఉందని టికెట్ వచ్చింది. రెండు గంటలుగా ఒక సెషన్ నడుస్తోంది. పేరు 'పేరోల్ బ్యాచ్' అని ఉంది. దేన్నీ బ్లాక్ చేయట్లేదు. పేరోల్ టీమ్‌లో మేడమ్‌కి ఫోన్ చేశా, ఇంకో ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. టికెట్‌లో ఆవిడ పేరు, టైమ్ రాసి ఆగాను."

"సరే నాన్నా, ఆగు" అన్నాను.